గుర్రం ప్లేసు అలాగే ఉంది, జాకీకి మాత్రం సస్పెన్షన్: కేర్‌లెస్ రైడింగ్ ఎలా తేలుస్తారు?

మలక్‌పేట_గ్యాలరీ:

రెండు రేసులు పక్కపక్కన పెట్టి చూస్తే లెక్క కుదరడం లేదు. అమెరికాలో 2019 కెంటకీ డెర్బీలో మాగ్జిమమ్ సెక్యూరిటీ అందరికంటే ముందు గీత దాటింది. దాన్ని 17వ స్థానానికి దించారు, జాకీ లూయిస్ సాయెజ్‌కి 15 రోజుల సస్పెన్షన్ కూడా వేశారు. 2023 జూన్‌లో బ్రిటన్‌లోని రాయల్ ఆస్కాట్ మొదటి రోజు, క్వీన్ ఆన్ స్టేక్స్‌లో జాకీ ఫ్రాంకీ డెటోరీకి కేర్‌లెస్ రైడింగ్ (అజాగ్రత్త స్వారీ) కింద 9 రోజులు పడింది. ఆయన ఎక్కిన ఇన్‌స్పైరల్ రెండో స్థానం మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

జాకీ తప్పు చేశాడని తేల్చాక గుర్రానికి ప్లేసు ఎలా మిగులుతుంది? ఇంకోటి, కేర్‌లెస్ అని దేన్ని చూసి అంటారు? గుర్రం తనంతట తానే పక్కకు వాలితే జాకీ ఏం చేస్తాడు? ఎన్ని రోజులు వేయాలన్నది స్టీవార్డుల (రేసును చూసి తీర్పు చెప్పే అధికారుల) ఇష్టమేనా, లేక ఏదైనా కొలత ఉందా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

పాట్రోల్_టవర్:

గ్యాలరీ గారూ, మీరు ఒకటే అనుకుంటున్నది నిజానికి రెండు విచారణలు. ఫలితం మీద ఒకటి, జాకీ మీద ఒకటి. ఫలితం తేల్చేటప్పుడు జాకీ జాగ్రత్తగా ఉన్నాడా లేదా అన్నది పక్కన పెడతారు. జాకీ సంగతి తేల్చేటప్పుడు ఆ గుర్రం గెలిచిందా, ఆఖర్న వచ్చిందా అన్నది పక్కన పెడతారు. పదో స్థానంలో వచ్చిన గుర్రం మీది జాకీకి కూడా సస్పెన్షన్ పడుతూనే ఉంటుంది. అది వార్త కాదు కాబట్టి మనకు తెలియదు, అంతే.

ముందు ఫలితం సంగతి. ప్రపంచంలో రెండు పద్ధతులున్నాయి, వాటిని కేటగిరీ 1, కేటగిరీ 2 అంటారు. కేటగిరీ 1లో స్టీవార్డులు అడిగేది ఒక్కటే: ఈ అడ్డు లేకపోతే, దెబ్బతిన్న గుర్రం అడ్డొచ్చిన గుర్రం కంటే ముందు వచ్చేదా? వచ్చేదని తేలితేనే ప్లేసు మారుతుంది. లేకపోతే ఫలితం అలాగే ఉంటుంది, జాకీ సంగతి వేరే చూస్తారు. బ్రిటన్, ఆస్ట్రేలియా, హాంకాంగ్ ఈ దారిలోనే ఉన్నాయి. జపాన్ 2013లో, ఫ్రాన్స్, జర్మనీ 2018లో ఇటు వచ్చాయి. అమెరికా, కెనడాల్లో చాలావరకు కేటగిరీ 2 నడిచింది. అక్కడ తప్పు చేసిన గుర్రం వల్ల ఇంకో గుర్రానికి మెరుగైన ప్లేసు దక్కే అవకాశం పోయిందంటే, ముందున్నది ఎంత బలంగా గెలిచినా, దాన్ని దెబ్బతిన్న గుర్రం వెనక్కి దించుతారు.

ఇప్పుడు మీ డెర్బీ చూడండి. ఆఖరి మలుపులో మాగ్జిమమ్ సెక్యూరిటీ రెయిల్ (ట్రాక్ లోపలి కంచె) దగ్గర నుంచి బయటికి జరిగింది. వార్ ఆఫ్ విల్ ముందరి కాళ్లు దాని వెనక కాళ్ల మధ్యలోకి వెళ్లాయి. బయట ఉన్న లాంగ్ రేంజ్ టాడీని లాగి పట్టుకోవాల్సి వచ్చింది. ఆ లాంగ్ రేంజ్ టాడీ వచ్చింది 17వ స్థానంలో. కాబట్టి మొదట వచ్చినదాన్ని దాని వెనక్కి పంపారు. రెండో స్థానంలో వచ్చిన కంట్రీ హౌస్ విజేత అయింది. ఆ అడ్డు లేకపోతే లాంగ్ రేంజ్ టాడీ డెర్బీ గెలిచేదని అక్కడ ఎవరూ అనలేదు, ఆ రూలులో అలా అనాల్సిన పనే లేదు. అదే రేసు ఆస్కాట్‌లోనో ఆస్ట్రేలియాలోని ఫ్లెమింగ్టన్‌లోనో జరిగి ఉంటే మాగ్జిమమ్ సెక్యూరిటీ విజేతగానే మిగిలేదని నా నమ్మకం. సాయెజ్‌కి మాత్రం సస్పెన్షన్ అక్కడా తప్పేది కాదు.

డెటోరీకే ఇలాంటిది అంతకుముందూ జరిగింది. 2015 మెల్‌బోర్న్ కప్‌లో మాక్స్ డైనమైట్ మీద రెండో స్థానంలో వచ్చాడు. ప్లేసు నిలిచింది, ఆయనకు మాత్రం కేర్‌లెస్ రైడింగ్ కింద నెల రోజుల సస్పెన్షన్, 20,000 ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా పడ్డాయి.

డెక్కల_చప్పుడు:

పాట్రోల్_టవర్ గారు చెప్పినదానికి ఒక చేర్పు. కేటగిరీ 1 అంటే అంతా తేలిగ్గా తేలిపోతుందని అనుకోవద్దు. బ్రిటన్‌లో 2015 సెయింట్ లెజర్ రేసు చూడండి. డాంకాస్టర్‌లో సింపుల్ వర్స్ గుర్రం తల అంత తేడాతో ముందు గీత దాటింది. స్టీవార్డులు దాన్ని దించి బాండీ బీచ్‌ని విజేతగా ప్రకటించారు. రెండు వారాలు తిరక్కముందే అప్పీలులో ఆ నిర్ణయం తిరగబడింది, సింపుల్ వర్స్‌కి రేసు తిరిగి వచ్చింది. అవే వీడియోలు, అదే రూలు, ఇద్దరికి రెండు సమాధానాలు. తల తేడా ఉన్న చోట తగిలిన దెబ్బ ఎన్ని అంగుళాలు తినేసిందో చెప్పడం అంత కష్టం.

ఇక కేర్‌లెస్ అనే మాట. జాకీ మీద పెట్టే నేరాలకు మెట్లు ఉంటాయి. ఆస్ట్రేలియాలో ఏఆర్ 131(ఏ) అనే ఒక్క రూలులోనే కేర్‌లెస్ (అజాగ్రత్త), రెక్‌లెస్ (లెక్కలేనితనం), ఇంప్రాపర్ (అనుచితం), ఇన్‌కాంపిటెంట్ (అసమర్థత), ఫౌల్ (అక్రమ) రైడింగ్ అని ఐదు మాటలు ఉన్నాయి. బ్రిటన్‌లో కేర్‌లెస్, ఇంప్రాపర్, డేంజరస్. వీటన్నిటిలో కేర్‌లెస్ అడుగు మెట్టు. అక్కడ దురుద్దేశం నిరూపించాల్సిన పని లేదు. అంచనా తప్పడం, చూడకపోవడం, తీసుకోవాల్సిన జాగ్రత్త తీసుకోకపోవడం చాలు. "కావాలని చేయలేదు" అనేది అందుకే ఈ నేరానికి జవాబు కాదు. కావాలని చేస్తే అది పై మెట్టుకు పోతుంది.

పై మెట్టు ఎలా ఉంటుందో చూడాలంటే 2022 సెప్టెంబరు 30న ఫ్రాన్స్‌లోని సెయింట్ క్లౌడ్‌లో జరిగిన ప్రీ థామస్ బ్రయాన్ రేసు వీడియో చూడండి. జాకీ క్రిస్టోఫ్ సుమియాన్ పక్కన స్వారీ చేస్తున్న జాకీ రోసా రయాన్‌ని మోచేత్తో నెట్టాడు, రయాన్ కింద పడ్డాడు. 60 రోజులు వేశారు. ఆ తర్వాత కొద్ది రోజులకే గుర్రాల యజమాని అయిన ఆగా ఖాన్ సంస్థ ఆయనతో ఉన్న ఒప్పందం రద్దు చేసుకుంది. గుర్రం వాలడం వేరు, మనిషి చెయ్యి కదలడం వేరు.

పాట్రోల్_టవర్:

సెయింట్ లెజర్ విషయం నిజమే, మంచి ఉదాహరణ.

గుర్రం తనంతట తాను వాలితే అన్న ప్రశ్న మిగిలింది. విచారణలో ఎక్కువ సమయం దీనిమీదే పోతుంది. అలసిన గుర్రం నిటారుగా పరుగెత్తదు. ఒకటి లోపలికి, ఒకటి బయటికి వాలుతుంది. దానికి జాకీని తప్పుపట్టరు. ఆ వాలడం మొదలయ్యాక అతను ఏం చేశాడన్నదే లెక్క. చేయాల్సింది వరుసగా ఇది: తోయడం (గుర్రాన్ని ముందుకు ఉరికించడం) ఆపాలి, కొరడా దించాలి, రెండు చేతులతో పగ్గాలు పట్టి అవతలి వైపు పగ్గం బిగించాలి, గుర్రం నిటారయ్యాక మళ్లీ తోయాలి. దీనికి రెండు మూడు అంగలు ఖర్చవుతాయి. ఆఖరి 200 మీటర్లలో గెలుపు కోసం ఉన్నవాడికి ఆ రెండు మూడు అంగలు వదులుకోవడానికి ప్రాణం ఒప్పదు. వాలుతున్న గుర్రాన్ని అలాగే తోస్తూ పోతాడు. నా లెక్కలో కేర్‌లెస్ కేసుల అసలు మూలం ఇదే, గుర్రాల స్వభావం కాదు.

కొరడా ఏ చేతిలో ఉందో తప్పకుండా చూడండి. కుడిచేత్తో కొడితే గుర్రం ఎడమకు, ఎడమచేత్తో కొడితే కుడికి జరుగుతుంది. ఎడమకు వాలుతున్న గుర్రాన్ని కుడిచేత్తో ఇంకా కొడుతూ ఉన్నాడంటే ఆ జాకీ దగ్గర చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. చెయ్యి మార్చి కొట్టినా వాలిందంటే కొంత మిగులుతుంది. తోయడం ఆపి పగ్గం బిగించినా వాలిందంటే చాలాసార్లు అసలు కేసే పెట్టరు.

వీడియో చూసేటప్పుడు టీవీలో వచ్చే పక్క కోణం ఒక్కటి చూసి తీర్పు చెప్పేయకండి. గుర్రం ఎంత పక్కకు జరిగిందో హెడ్‌ఆన్ కెమెరాలోనే (ఎదురుగా ఉండి తీసేది) తెలుస్తుంది. అయితే హెడ్‌ఆన్‌లో దూరం నుంచి లాగి తీసే లెన్స్ ముందు వెనకల తేడాను నొక్కేస్తుంది. మూడు లెంగ్త్‌ల (గుర్రం పొడవుల) ఖాళీ కూడా ఒకదానిమీద ఒకటి పడుతున్నట్టు కనిపిస్తుంది. ఎంత ముందున్నదో పక్క కోణంలో చూడాలి. రెండూ ఒకే క్షణం దగ్గర ఆపి పోల్చాలి. స్టీవార్డుల గదిలో అదే చేస్తారు. ముందు దెబ్బతిన్న గుర్రం తల పైకి లేచిన క్షణం పట్టుకుంటారు. దాని జాకీ వెనక్కి వాలి పగ్గాలు లాగిన ఫ్రేము అది. అక్కడినుంచి వెనక్కి తిప్పుతూ, అడ్డొచ్చిన గుర్రం తన దారి ఎక్కడ వదిలిందో రెయిల్ స్తంభాలతో పోల్చి చూస్తారు. ఆ మధ్యలో జాకీ చేతులు, కొరడా, తల ఎటు ఉన్నాయో చూస్తారు. ఒక్కసారైనా పక్కకు చూశాడా లేదా అన్నది చాలా బరువు తూగుతుంది.

డెక్కల_చప్పుడు:

లెంగ్త్ అంటే ఎంతో కూడా చెప్పుకుందాం, లేకపోతే "కొంచెమే జరిగాడు కదా" అనిపిస్తుంది. గుర్రం పొడవు సుమారు 2.4 మీటర్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 16.7 మీటర్లు. అంటే ఒక లెంగ్త్ గడవడానికి సెకనులో ఏడో వంతు. మనిషి కంటితో చూసి చెయ్యి కదిపేలోపే అది అయిపోతుంది. ముందు గుర్రం ఒక లెంగ్త్ ఖాళీతో అడ్డంగా వచ్చి కాస్త వేగం తగ్గిందంటే, వెనక గుర్రం ముందరి డెక్క దాని వెనక మడమకు తగులుతుంది. పడటాలన్నిటిలో భయంకరమైనది ఇదే, ఎందుకంటే గుర్రం తల ముందుగా కిందికి పోతుంది, జాకీకి దూకే వ్యవధి ఉండదు. వెనక వచ్చే 450, 500 కిలోల గుర్రాలు తప్పుకోలేవు. లోపలికి రావాలంటే కనీసం రెండు లెంగ్త్‌లు ముందుండాలని జాకీలకు మొదటి నుంచీ నేర్పేది ఇందుకే. ఆస్ట్రేలియా స్టీవార్డుల రిపోర్టులు చదివితే "తగినంత ముందుకు పోకుండానే లోపలికి జరగనిచ్చాడు" అన్న వాక్యం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. కేసు అంతా ఆ వాక్యంలోనే ఉంటుంది. "జరగనిచ్చాడు" అన్న మాట గమనించండి. జరిపాడు అని నిరూపించక్కర్లేదు.

ఫర్లాంగ్_పోస్ట్:

రోజులు ఎలా లెక్కేస్తారన్నది ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను, ఆస్ట్రేలియా పద్ధతిలో.

విచారణ మామూలుగా అదే రోజు, రేసుకోర్సులోనే మొదలవుతుంది. ఇద్దరు జాకీలనూ పిలుస్తారు. అప్రెంటిస్ (శిక్షణలో ఉన్న జాకీ) అయితే అతని ట్రైనర్ పక్కన ఉంటాడు. ముందు దెబ్బతిన్నవాడు చెబుతాడు, తర్వాత అవతలివాడు, తర్వాత వీడియో. కేసు ఉందనిపిస్తే అభియోగం చదివి వినిపిస్తారు. ఎన్ని మీటర్ల దగ్గర, ఏ గుర్రానికి అడ్డంగా, దాని ఫలితంగా ఏం జరిగింది, అన్నీ అందులో ఉండాలి. తర్వాత ఒప్పుకుంటావా, లేదా అని అడుగుతారు.

శిక్ష లెక్కకు రెండు ఇరుసులు. ఒకటి, అజాగ్రత్త ఎంత: తక్కువ, మధ్యస్థం, ఎక్కువ. రెండోది, ఫలితం ఎంత: కాస్త ఇరుకైందా, పగ్గం లాగాల్సి వచ్చిందా, గట్టిగా లాగి పట్టుకోవాల్సి వచ్చిందా, పడిపోయిందా. ఈ రెండూ కలిసే చోట మొదటి అంకె వస్తుంది. దానిమీద పెద్ద రేసైతే కొంత కలుపుతారు. ఒప్పుకుంటే కొంత తగ్గిస్తారు. ఆపైన జాకీ చరిత్ర. దీన్ని చాలామంది తప్పుగా చూస్తారు. ఏడాదిలో మూడు సస్పెన్షన్లు అంటే చెడ్డ చరిత్ర అనేస్తారు. వెయ్యి రేసులు స్వారీ చేసినవాడికి మూడు వేరు, 150 చేసినవాడికి మూడు వేరు. సస్పెన్షన్‌కీ సస్పెన్షన్‌కీ మధ్య ఎన్ని స్వారీలు నడిచాయో చూడాలి.

రోజులు అన్నిచోట్లా ఒకే బరువు కావు. హాంకాంగ్‌లో సీజన్ మొత్తానికి 88 మీటింగులే (రేసు రోజులే). అందుకే అక్కడ రెండు మీటింగుల సస్పెన్షన్ అంటే వారం ఆదాయం పోయినట్టు, దానికి తోడు తరచూ జరిమానా కూడా వేస్తారు. బ్రిటన్‌లో దాదాపు రోజూ రేసులుంటాయి, అక్కడ రెండు రోజులు అంత కొరకదు. ఇంకా ముఖ్యం, ఎప్పుడు మొదలవుతుంది. బ్రిటన్‌లో మామూలుగా రేసు రోజు నుంచి 14 రోజుల తర్వాత. డెటోరీ తప్పు జూన్ 20న, కాబట్టి జూలై 8న ఎక్లిప్స్ స్టేక్స్ ఆ 9 రోజుల్లో పడింది. అప్పీలు ఓడిపోయాడు, ఎమిలీ అప్‌జాన్ మీద ఎక్కలేకపోయాడు. ఆ ఒక్క స్వారీ మిగతా ఎనిమిది రోజులకన్నా ఖరీదు. పైన చెప్పిన సుమియాన్‌కి ఫ్రాన్స్‌లో ఇలాంటి నియమమే అనుకూలించింది: శిక్ష అక్టోబరు 14న మొదలు, ఆర్క్ రేసు అక్టోబరు 2న. వదేనీ మీద ఎక్కి రెండో స్థానంలో వచ్చాడు. మనిషిని మోచేత్తో తోసిన రెండో రోజునే ఐరోపాలోని అతి పెద్ద రేసులో స్వారీ. ఇది సరైన పద్ధతి కాదు. మామూలు కేర్‌లెస్‌కి రెండు వారాల గడువు అర్థవంతమే, ట్రైనర్లు ముందే జాకీలను మాట్లాడుకుని ఉంటారు కాబట్టి. డేంజరస్ రైడింగ్‌కి ఆ గడువు ఉండకూడదు.

మలక్‌పేట_గ్యాలరీ:

చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలు. ఒక సందేహం. ఫలితాన్ని బట్టి శిక్ష పెంచడం న్యాయమేనా? ఒకే తప్పు ఇద్దరు చేశారనుకోండి. ఒకడి వెనకున్న గుర్రం తేరుకుంది, ఇంకొకడి వెనకున్నది పడిపోయింది. తప్పు అదే కదా?

డెక్కల_చప్పుడు:

న్యాయం కాదనే నా అభిప్రాయం. వెనక గుర్రం తేరుకుందా లేదా అన్నది ఆ గుర్రం చురుకుదనం, దాని జాకీ చేతి నేర్పు. ముందున్నవాడికి దాంట్లో వాటా లేదు. ఫలితానికి బరువు ఎక్కువిస్తే, రోజూ అడ్డదిడ్డంగా స్వారీ చేస్తూ అదృష్టం కొద్దీ ఎవరినీ పడేయనివాడు రెండు మూడు రోజులతో బయటపడుతుంటాడు. వాడే ఒకరోజు ఒకణ్ణి పడేస్తాడు. అజాగ్రత్త దగ్గరే గట్టిగా పట్టుకోవాలి.

ఫర్లాంగ్_పోస్ట్:

సగం ఒప్పుకుంటాను. మిగతా సగం ఎందుకు కాదంటే, ఎంత ఖాళీ ఉంది, వెనకెవరు ఎంత దగ్గర అన్నది చూసుకోవడం ఆ స్వారీలో భాగమే. వెనక గుర్రం అరలెంగ్త్‌లో ఉన్నప్పుడు జరిగితే పడే అవకాశం ఎక్కువ, లెంగ్త్‌న్నరలో జరిగితే తక్కువ. కాబట్టి ఫలితం చాలాసార్లు అజాగ్రత్తకే కొలత. పూర్తిగా అదృష్టం కాదు. అయితే దెబ్బతిన్నవాడి వాటా కూడా తీసేయాలి. మూసుకుపోతున్న సందులోకి తల దూర్చి, అది మూసుకుపోయాక పగ్గాలు లాగినవాణ్ణి పూర్తి బాధితుడిగా లెక్కేయకూడదు. మంచి స్టీవార్డులు ఇది చూస్తారు, సందు ముందు ఉందా, గుర్రం ముందు వచ్చిందా అని.

పాట్రోల్_టవర్:

విచారణ గదిలో జాకీలు చేసే తప్పు కూడా ఇక్కడే. అభియోగంలో ఉన్న క్షణం గురించి మాట్లాడకుండా, "అతను కూడా బయటికి వచ్చాడు" అని అవతలివాడి మీదికి తోస్తారు. అవతలివాడు రాలేదని హెడ్‌ఆన్‌లో తేలిందంటే, ఒప్పుకుంటే వచ్చే తగ్గింపూ పోతుంది, మాట మీద నమ్మకమూ పోతుంది. నిజంగా అవతలివాడి వాటా ఉంటే, ఏ స్తంభం దగ్గర, ఏ ఫ్రేములో అని చూపించాలి. గుర్రానికి వాలే అలవాటుంటే గత రేసుల రిపోర్టుల్లో అది నమోదై ఉందా అని చెప్పాలి. కానీ అది రెండువైపులా పదునున్న కత్తి. అలవాటు తెలిసి ఎక్కావు కదా, మరి ముందే ఎందుకు పగ్గం బిగించలేదు అని అడుగుతారు.

రాజేంద్రనగర్_రైడర్:

మలక్‌పేట రేసుకోర్సులో పందెం టికెట్ కొన్నవాళ్ల సంగతి ఏంటి? జాకీకి సస్పెన్షన్ పడితే డబ్బు తిరిగి వస్తుందా?

ఫర్లాంగ్_పోస్ట్:

రాదు. టికెట్టుకు సంబంధించింది ఫలితం ఒక్కటే. అబ్జెక్షన్ (ఫలితం మీద అభ్యంతరం) గానీ స్టీవార్డుల ఎంక్వైరీ గానీ ఉందని ప్రకటిస్తే చెల్లింపు ఆగుతుంది, ఫలితం ఖాయమని చెప్పేదాకా టికెట్ చింపకూడదు, పారేయకూడదు. మీ గుర్రం మూడోదో నాలుగోదో అయినా సరే. కెంటకీలో ఆరోజు స్టీవార్డులు వీడియో చూస్తూ దాదాపు 22 నిమిషాలు తీసుకున్నారు. 65-1 ధర ఉన్న కంట్రీ హౌస్ మీద 2 డాలర్ల విన్ (గెలుపు) టికెట్‌కి 132.40 డాలర్లు వచ్చాయి. గీత దాటగానే టికెట్ నలిపి కింద పడేసినవాడికి అదే పోయింది. ఒకసారి ఫలితం ఖాయం చేసి చెల్లించాక జాకీకి ఎన్ని రోజులు పడినా ఆ డబ్బు కదలదు. బ్రిటన్‌లో సెయింట్ లెజర్ లాగా అప్పీలులో విజేత మారినా, ట్రోఫీ, ప్రైజ్ మనీ మారతాయి గానీ, పందేల లెక్కకు ఆరోజు రేసుకోర్సులో ప్రకటించిన ఫలితమే ఆధారం.